మూట భుజాన వేసుకొన్న ప్రవక్త

(రేడియోలో ప్రసారమైన వాక్య ప్రసంగమునకు అక్షర రూపము)

వాక్యభాగము: యెహెజ్కేలు 12వ అధ్యాయము

 

బైబిలు దగ్గర ఉన్నవారు యెహెజ్కేలు గ్రంథము 12వ అధ్యాయము తీయండి. లేనివారు శ్రద్ధగా వినండి. ఈ అధ్యాయములో ఒక ప్రవక్త ప్రసంగము చేయుట లేదు, నాటకము ఆడుచున్నాడు. అవును, నాటకమే. దేవుడే కథ ఇచ్చాడు, దేవుడే పాత్ర ఇచ్చాడు. పగటివేళ అందరూ చూచుచుండగా సామాను మూట కట్టుకోమన్నాడు. సాయంకాలమున గోడకు కన్నము వేయమన్నాడు. చీకటి పడిన తరువాత ఆ మూట భుజాన పెట్టుకొని, నేల కనబడకుండ ముఖము కప్పుకొని, ఆ కన్నములోనుండి బయటకు వెళ్లమన్నాడు. ప్రవక్త ఎదురు ప్రశ్న వేయక అలాగే చేశాడు.

ఇది ఎవరి ఎదుట జరిగింది? బబులోనుకు చెరపట్టబడి, కెబారు నది దగ్గర కాపురమున్న యూదుల ఎదుట. వారికి ఒక ఆశ ఉన్నది. యెరూషలేము పట్టణమునకు ఏమీ కాదు, దేవుని మందిరము అక్కడ ఉన్నది గనుక ఆ పట్టణము పడదు, మనము త్వరలో తిరిగి వెళ్తాము అనుకొనుచున్నారు. మాటలతో చెబితే వారు వినలేదు. కళ్లుండియు చూడరు, చెవులుండియు వినరు అని దేవుడే వారిని గురించి ఈ అధ్యాయము మొదట చెప్పుచున్నాడు. అందుకే దేవుడు మాట మాని బొమ్మ చూపించాడు.

ప్రియులారా, ఈ వాక్యభాగమును నేను చాలా ఏండ్లుగా చదువుచున్నాను. ఒకటి రెండు సార్లు ప్రసంగించాను కూడా. కాని దాని అర్థము నాకు తెలిసినది గ్రంథాలయములో కాదు, మా సంఘ ఆవరణలో, మా పిల్లల వలన. ఆ సంగతి మీతో చెప్పవలెనని ఈ దినము కూర్చున్నాను.

మాది సముద్రమునకు దగ్గర గ్రామము. కొన్ని సంవత్సరముల క్రిందట యౌవనస్థుల ఆదివారమునకు ముందు మా యూత్ పిల్లలు నలుగురు నా యొద్దకు వచ్చారు. "అయ్యగారూ, ఈసారి మేము తప్పిపోయిన కుమారుని నాటిక వేయము. వాతావరణ మార్పు మీద ఒక నాటిక రాసుకున్నాము. సముద్రం పెరగడం, తుఫానులు, ఎండలు, వీటి మీద" అన్నారు. నాకు అది నచ్చలేదు. "బాబూ, అవి ప్రభుత్వం చూసుకొనే విషయాలు. మనకు ఇవ్వబడినది సువార్త. అయినా ఇక మీదట జలప్రళయం రాదని దేవుడు నోవహుతో నిబంధన చేసి మేఘములో ధనుస్సు ఉంచాడు గదా, మీకెందుకు భయం?" అన్నాను. పిల్లలు ఏమీ మాట్లాడలేదు. మా సంఘ పెద్దలలో ఒకాయన అయితే, "గుడి ముందు పర్యావరణం నాటకాలేమిటి?" అని గట్టిగానే అన్నారు. చివరకు అమ్మగారు కలుగజేసుకొని, "పిల్లలు సంఘానికి వస్తున్నందుకు సంతోషించండి, వేయనివ్వండి" అన్న తరువాత ఒప్పుకొన్నాను. మనసు పెట్టి ఒప్పుకొనలేదు.

ఆ సాయంకాలము ఆవరణలో చాపలు పరిచారు. పెద్దలకు ముందు వరుసలో కుర్చీలు వేశారు. తెర లేదు, రంగులు లేవు. ఇద్దరు ఆడపిల్లలు ఒక నీలిరంగు చీరను రెండు కొసలా పట్టుకొని దూరముగా నిలబడ్డారు. అదే సముద్రము. ముందు ఒక కుటుంబము: తాత, తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు. ఒక్కొక్క రంగము ముగిసినప్పుడెల్లా ఆ చీర పట్టుకొన్న పిల్లలు రెండు అడుగులు ముందుకు వేయుచున్నారు. ఎవరూ దానిని గూర్చి మాట్లాడుట లేదు. కుటుంబము తన సామాను వెనుకకు జరుపుకొనుచున్నది, అంతే. తండ్రి వల జరుపుకొన్నాడు, తల్లి పొయ్యి జరుపుకొన్నది. మొదట మేమందరమూ నవ్వాము. కొంతసేపటికి ఆ నీలి చీర చాపల దగ్గరకు వచ్చినది. ముందు కూర్చున్న చిన్నపిల్లలు లేచి వెనుకకు వెళ్లారు. ఇంకొంచెము సేపటికి మా కుర్చీల దగ్గరకు వచ్చినది. పెద్దలందరము కాళ్లు పైకి తీసుకొన్నాము.

అప్పుడు ఆ నాటికలోని తాత, కదలనని భీష్మించుకొని కూర్చొని, "దేవుడు నోవహుతో నిబంధన చేశాడు, మేఘములో ధనుస్సు ఉంచాడు, మీకెందుకు భయం?" అన్నాడు. ఆ కుర్రవాడు ఆ మాటను నా గొంతుతో అన్నాడు. నేను చెయ్యి ఊపినట్లే ఊపాడు. సంఘమంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

చివరి రంగములో ఆ కుటుంబము మూట కట్టుకొని మా మధ్యగుండా నడచి గేటు బయటకు వెళ్లిపోయినది. తిరిగి రాలేదు. నాటిక అయిపోయినదని మాకు తెలియుటకు కొంతసేపు పట్టింది. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్లి యెహెజ్కేలు 12వ అధ్యాయము మరల తీసి చదివాను. మూట, భుజము, చీకటి, బయటకు వెళ్లుట. అంతా అక్కడ ఉన్నది. ఈ అధ్యాయమునుండి మూడు సంగతులు మీ ఎదుట ఉంచాలని ఆశపడుచున్నాను.

మొదటిది: దేవుడు చూపించి హెచ్చరించే దేవుడు.

నాటకము లోకసంబంధమైనదని మనలో కొందరు అనుకొందురు. కాని ప్రవక్తలను చూడండి. యిర్మీయా బెన్ హిన్నోము లోయలో పెద్దల ఎదుట మట్టికూజాను పగులగొట్టాడు. మెడకు కాడి కట్టుకొని తిరిగాడు. యెహెజ్కేలు ఇటుక మీద పట్టణము బొమ్మ గీసి దానికి ముట్టడి వేశాడు. ఎడమ ప్రక్కను మూడువందల తొంబది దినములు, కుడిప్రక్కను నలువది దినములు పండుకొన్నాడు. క్రొత్త నిబంధనలో అగబు పౌలు నడికట్టు తీసి తన చేతులను కాళ్లను కట్టుకొన్నాడు. నాతాను దావీదునకు ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదు ఆ కథలోని ధనవంతుని మీద తీర్పు తీర్చిన తరువాతనే ఆ ధనవంతుడు తానేనని గ్రహించాడు. నేను కూడా నా మాట వేరొకరి నోట విన్న తరువాతనే అది ఎంత బరువైన మాటో గ్రహించాను.

ఈ పని మా ఊరి పిల్లలే చేయుట లేదు. పసిఫిక్ మహాసముద్రములో తువాలు అను చిన్న దేశమున్నది. తొమ్మిది దీవులు, పదివేల పైచిలుకు జనము. ఆ దేశములో ఎంత ఎత్తైన చోటైనా సముద్రమునకు ఐదు మీటర్ల పైన లేదు. అక్కడకు సువార్త ఎలా వచ్చినదో తెలుసా? 1861లో ఎలెకానా అను ఒక డీకను ప్రయాణించుచున్న పడవ దారి తప్పి, వారముల తరబడి కొట్టుకొనిపోయి ఆ దీవులలో ఒకదానికి చేరింది. నేడు ఆ దేశము దాదాపు అంతా క్రైస్తవులే. సముద్రమే వారికి సువార్తను తెచ్చింది. ఆ సముద్రమే ఇప్పుడు వారి కొబ్బరితోటలలోనికి, మంచినీటి గుంటలలోనికి ఉప్పునీటిని తెచ్చుచున్నది.

2011లో తువాలు, కిరిబాటి, టోకెలౌ దీవులనుండి ముప్పది ఆరుమంది కళాకారులు అమెరికాకు వెళ్లి నగరము వెంట నగరము తిరిగి తమ పాటలను, నృత్యములను ప్రదర్శించారు. నీరు పెరుగుచున్నది అని ఆ ప్రదర్శనకు పేరు పెట్టుకొన్నారు. తువాలువారి సంప్రదాయ నృత్యమైన ఫాతెలెలో చెక్కపెట్టె మీద అరచేతులతో దరువు వేస్తారు, దరువు క్రమముగా వేగము పుంజుకొంటుంది. 2013లో ఫిజీ దేశపు సువా నగరములో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయము వారు సముద్రపు పెరుగుదల మీద పాట, నృత్యము, కథ కలిపి ఒక పెద్ద నాటకమునే వేశారు. అదే విశ్వవిద్యాలయపు వనువాటు ప్రాంగణములోని విద్యార్థులు ఇరవై ఏడుగురు 2019లో ఒక తరగతి గదిలో మొదలుపెట్టిన మనవి ఐక్యరాజ్యసమితి వరకు, అక్కడనుండి అంతర్జాతీయ న్యాయస్థానము వరకు వెళ్లింది. వాతావరణమును కాపాడు బాధ్యత దేశములకు ఉన్నదని 2025 జూలైలో ఆ న్యాయస్థానము అభిప్రాయము చెప్పింది. పిల్లల ఆట అని తీసివేయకండి. చిన్నపిల్లల నోట స్తుతిని సిద్ధపరచు దేవుడు వారి నోట హెచ్చరికను కూడ ఉంచగలడు.

రెండవది: వినినవారు దానిని వాయిదా వేసిరి.

12వ అధ్యాయము చివర చూడండి. జనులకు ఒక సామెత ఉన్నదట. దినములు గడచిపోవుచున్నవి, దర్శనములేవీ నెరవేరుట లేదు అని చెప్పుకొనుచున్నారు. మరికొందరు, ఈ ప్రవక్త చెప్పేది నిజమే గాని అది ఎప్పుడో దూరకాలములో జరుగుతుంది అనుచున్నారు. ఒకరు అసలు జరుగదన్నారు, ఒకరు మన కాలములో జరుగదన్నారు. రెండింటికీ ఫలితమొకటే: ఎవరూ కదలలేదు. ఈ నాటకము ఆడిన కొద్ది ఏండ్లకే క్రీ.పూ. 586లో యెరూషలేము పడింది. సిద్కియా రాజు రాత్రివేళ పట్టణమునుండి పారిపోయి పట్టుబడ్డాడు. అతని కన్నులు ఊడదీసి బబులోనుకు తీసికొనిపోయారు. ఆ దేశమునకు వెళ్లాడు గాని దానిని చూడలేదు. ముఖము కప్పుకొన్న ప్రవక్త చూపించినది అక్షరాలా అదే.

ఇప్పుడు ధనుస్సు సంగతికి వచ్చెదము. నా వలెనే తువాలులోని విశ్వాసులు కూడ చాలామంది, ముఖ్యముగా వృద్ధులు, నోవహు నిబంధనను చూపించి సముద్రము మా మీదికి రాదు అన్నారు. ఆ సంఘములలో ఈ విషయము మీద చాలా కాలము చర్చ నడిచింది. ప్రియులారా, దేవుని వాగ్దానము నిజము. అందులో ఒక పొల్లైనను తప్పిపోదు. కాని ఆ వాగ్దానము ఏమిటో సరిగా చదవండి. ఆదికాండము 9వ అధ్యాయములో దేవుడు చెప్పినది, సమస్త శరీరులను నాశనము చేయు జలప్రళయమును తాను ఇక రప్పించను అని. ఏ ఊరూ మునగదని ఆయన చెప్పలేదు. మనుష్యుడు తన చేతులతో తెచ్చుకొనే నష్టమును అడ్డుకొంటానని చెప్పలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. ఆకాశములో ధనుస్సు లేకనా? మరియొక సంగతి. ఆ నిబంధన ఎవరికి ఇవ్వబడింది? హెచ్చరికను నమ్మి, మ్రాను కోసి, కీలు పూసి, ఓడ కట్టిన మనిషికి. నోవహు దేవుని నమ్ముకొని చేతులు ముడుచుకొని కూర్చోలేదు. దేవుని నమ్మాడు గనుకనే చేతులు కదిపాడు. ఓడ కట్టినవానికి ఇచ్చిన నిబంధనను, ఏ పనీ చేయకుండుటకు సాకుగా వాడుకొన్న తప్పు నాది. ఆ సంగతి సంఘము ఎదుట ఒప్పుకొన్నాను, మీ ఎదుట కూడ ఒప్పుకొనుచున్నాను.

శాస్త్రము తెలిసినవారు చెప్పేది కష్టమైన సంగతి కాదు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమికి దుప్పటి వలె అడ్డుపడి వేడిని బయటకు పోనివ్వదు. యంత్రముల యుగమునకు ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న ఆ వాయువు ఇప్పుడు 420 పాళ్లు దాటింది. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, మంచు కరుగుతుంది, సముద్రము పెరుగుతుంది. 1900 నుండి ఇప్పటికి సుమారు ఇరవై సెంటీమీటర్లు పెరిగింది. జానెడే గదా అనవచ్చు. గట్టు మీద జానెడు నీరు పెరిగితే ఏమవుతుందో చేలో పనిచేసేవారిని అడగండి. 2015 మే నెల ఎండలు మీకు జ్ఞాపకమున్నవా? దేశములో రెండువేలకు పైగా మంది చనిపోయారు, వారిలో అధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. ఎండలో పనికి వెళ్లక తప్పనివారే వారిలో చాలామంది.

అన్నిటినీ దీనికే అంటగట్టకూడదు. ఉప్పాడ తీరములో సముద్రము ఇండ్లను, రోడ్డును కోసివేయుటకు అనేక కారణములున్నవి. తీరములో మనుష్యులు కట్టిన కట్టడములు కూడ వాటిలో ఉన్నవి. తుఫానులు మన తాతల నాడూ వచ్చినవి. కాని సముద్రము ఎత్తు పెరిగినప్పుడు ఆ ఉప్పెనే మరింత లోపలికి వస్తుంది. ఇంకొక న్యాయమును కూడ ఆలోచించండి. ఎక్కువగా కాల్చినది ధనిక దేశములు, ధనిక గృహములు. ముందుగా మునిగేది పేదవాని గుడిసె. నాతాను చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ ఇదే గదా?

మూడవది: చూచినవారు చేయవలెను.

యెహెజ్కేలు 33వ అధ్యాయము చివర దేవుడు ప్రవక్తతో ఒక బాధాకరమైన మాట చెప్పుచున్నాడు. జనులు వచ్చి నీ యెదుట కూర్చుంటారు, నీ మాటలు వింటారు, నీవు వారికి మంచి స్వరము గల గాయకునివలె కనబడుచున్నావు, అయితే విన్నది చేయరు అని. చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయే జనము! మా ఆవరణలో కూడ చప్పట్లు మ్రోగినవి. పిల్లలు బాగా చేశారు, ప్రైజులిద్దాము అన్నాము.

అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక మామ్మ లేచింది. ఆమె పుట్టినిల్లు దివిసీమ. మీటింగులో ఎన్నడూ నోరు తెరవని మనిషి. "ఆనాడు మా నాన్నతో కూడా ఎవరో చెప్పారు, పొద్దుగూకేలోపు లేచి పొమ్మని. ఏటా వచ్చే గాలేగా అన్నాడు మా నాన్న. తెల్లారేసరికి నేనూ మా తమ్ముడూ మిగిలాం. చప్పట్లు కొట్టారు, బాగుంది. రేపు ఏం చేస్తారు?" అని అడిగి కూర్చున్నది. ఆ ప్రశ్నకు ఆ రాత్రి మా దగ్గర సమాధానము లేదు.

ప్రియులారా, వినినప్పుడు ఏమి జరుగుతుందో కూడ మనము చూచియున్నాము. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు ఒడిశా తీరములో, మన ఉత్తర కోస్తాలో లక్షలాదిమందిని ముందుగానే సురక్షిత స్థలములకు తరలించారు. గాలి భయంకరమైనదే, ఇండ్లు పడిపోయినవి, పంటలు పోయినవి. అయితే మృతుల సంఖ్య వేలలోనికి పోలేదు, పదులలోనే ఆగింది. తుఫాను తగ్గలేదు, వినినవారు పెరిగారు. హెచ్చరిక భయపెట్టుటకు కాదు, బ్రదికించుటకు.

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో ఆ అగబే లేచి గొప్ప కరవు రాబోవుచున్నదని చెప్పాడు. అంతియొకయ సంఘమువారు ఏమి చేశారు? ఇది సువార్తా కాదా అని వాదించలేదు. కరవు వచ్చిన తరువాత చూద్దాము అనలేదు. ప్రతివాడు తన శక్తికొలది యూదయలోని సహోదరులకు సహాయము పంపుటకు నిశ్చయించుకొన్నాడు. బర్నబా, సౌలుల చేత పంపారు. మొట్టమొదట క్రైస్తవులు అని పిలువబడినవారు వీరే. ఆ పేరు మోయుచున్న మనము కూడ అలాగే చేయవద్దా?

మా సంఘము ఏమి చేసినదో ఉన్నది ఉన్నట్లు చెప్పెదను, గొప్ప కొరకు కాదు. గాలివాన వచ్చిన రాత్రి గుడి తలుపులు కులమతములు చూడక ఎవరికైనా తెరవవలెనని తీర్మానించి, తాళపుచెవులు మూడు ఇండ్లలో ఉంచాము. నడవలేని వృద్ధులు, గర్భిణీలు ఏ ఇంటిలో ఉన్నారో యూత్ పిల్లలు పట్టిక రాసి, ఎవరిని ఎవరు తీసుకొని రావాలో పంచుకొన్నారు. పండుగ భోజనములకు ప్లాస్టిక్ ప్లేట్లు మాని విస్తళ్లకు తిరిగి వచ్చాము. తీరము వెంట సరుగుడు మొక్కలు నాటాము. వాటిలో సగము మేకలు తినివేసినవి, తరువాత ఏడాది మరల నాటాము. నాటకమేమిటి అని అడిగిన ఆ పెద్దాయన ఇప్పటికీ నాతో పూర్తిగా ఏకీభవించలేదు. అయినా ఒక తాళపుచెవి ఆయన ఇంటిలోనే ఉన్నది.

తువాలువారి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. 2023 నవంబరులో వారి ప్రభుత్వము ఆస్ట్రేలియాతో ఒప్పందము చేసికొన్నది. ఏడాదికి 280 మంది వరకు అక్కడకు వెళ్లి స్థిరపడవచ్చును. 2025లో మొదటిసారి దరఖాస్తులు పిలిచినప్పుడు ఆ దేశ జనాభాలో అధికభాగము పేర్లు ఇచ్చారు. ఒక దేశమంతా మూట కట్టుకొనుటకు సిద్ధపడుచున్నది. పితరుల సమాధులను విడిచి, పాటలు పాడుకొన్న గుడిని విడిచి వెళ్లవలసిన సహోదరులు వారు. క్రీస్తు శరీరములో ఒక అవయవము శ్రమపడునప్పుడు అవయవములన్నియు దానితో కూడ శ్రమపడవలెను గదా.

అయితే ప్రియులారా, మన నిరీక్షణ మన మొక్కల మీద లేదు, మన తీర్మానముల మీద లేదు. మూట మోసిన ప్రవక్త కంటె గొప్పవాడు వచ్చాడు. ఆయన సిలువను భుజాన వేసుకొని గవిని వెలుపలకు వెళ్లాడు. అది నాటకము కాదు. మన పాపమునకు ఆయన నిజముగా రక్తము కార్చాడు. పరలోకములో ఉన్నవేగాని భూలోకములో ఉన్నవేగాని సమస్తమును ఆయన ద్వారా తనతో సమాధానపరచుకొనుట తండ్రికి ఇష్టమాయెనని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. మూలుగుచున్న సృష్టి కూడ ఆ విడుదలలో పాలుపొందుతుందని రోమా 8వ అధ్యాయము చెప్పుచున్నది. భూమిని నశింపజేయువారికి తీర్పు ఉన్నదని ప్రకటన గ్రంథము హెచ్చరించుచున్నది. కాబట్టి భయముతో కాదు, కృతజ్ఞతతో ఈ పని చేయుదము. భూమి యెహోవాది. మనము కాపలావారము.

ఈ మాట వినుచున్న సంఘ కాపరీ, మీ యౌవనస్థులు ఏదైనా చెప్పాలని వస్తే నేను త్రోసివేసినట్లు త్రోసివేయకండి. యౌవనస్థులారా, పెద్దలు కోప్పడినా మర్యాద తప్పకండి, మాట మానకండి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఏమి చేయుచున్నారో చూచి, ఇశ్రాయేలీయులు ప్రవక్తను అడిగినట్లు, నీవు ఏమి చేయుచున్నావు అని అడగండి. అడిగి, సమాధానము చెప్పేవరకు ఆగి వినండి.

ప్రార్థన చేసికొందము. పరలోకపు తండ్రీ, నీవు చూపించినప్పుడు మేము చూడలేదు, చెప్పినప్పుడు వినలేదు, మమ్మును క్షమించుము. సముద్రతీరమున కాపురమున్నవారిని, ఎండలో పనిచేయువారిని, ఇల్లు విడిచి మూట కట్టుకొనుచున్న దూరదేశపు సహోదరులను కాపాడుము. మా పిల్లల నోట నీవు ఉంచిన మాటను మా చేతులలో క్రియగా మార్చుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.